మన దివంగత నాటక, సినిమా నటుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి పక్కన. తాతయ్య ఊళ్ళు తిరిగే నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. ఆయన పోయాక అటక మీద నుంచి ఒక ట్రంకు పెట్టె దించాం. అందులో నాటకాల కరపత్రాల కట్ట, అట్టతో చేసిన కిరీటం, అర్దళం అంటిన చిన్న రేకు డబ్బా ఉన్నాయి. అర్దళం అంటే పచ్చటి రంగురాయి పొడి, నూనెలో కలిపి ముఖానికి పూసుకునేవాళ్ళు. ఇప్పటికీ ఆ డబ్బా మూత తీస్తే వేలికి పసుపు అంటుకుంటుంది. కరపత్రాల మీదున్న పేర్లలో సగం మంది ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆ పేర్లు వెతుక్కుంటూ మొదలుపెట్టిన పని ఇది. తెలిసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగేవన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

పాత సినిమా నటుల్లో అంతమంది నాటకాల నుంచే ఎందుకు వచ్చారు?

టాకీ, అంటే మాట్లాడే సినిమా వచ్చేసరికి మాటా పాటా రెండూ వచ్చినవాళ్ళు నాటకాల్లో తప్ప ఇంకెక్కడా లేరు. అప్పటికి ప్లేబ్యాక్ లేదు, కెమెరా ముందు నిలబడినవాళ్ళే పాడాలి. గొంతు, పద్యం, వాచికం మూడూ సిద్ధంగా ఉన్న మనిషి కావాలంటే నాటక సమాజం దగ్గరికే వెళ్ళాలి. మొదటి టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేసిన సురభి కమలాబాయి అలా వచ్చినావిడే. పద్యం చదువుతూనే నోట్లో వేలు పెట్టుకుని అదే రాగాన్ని ఈలగా వినిపించే కల్యాణం రఘురామయ్యగారు కూడా అంతే, ఈలపాట రఘురామయ్య అంటే తప్ప ఆయన్ని ఎవరూ గుర్తుపట్టరు.

తర్వాతి తరానికి దారి కొంచెం వేరు. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అని నాటకాలు ఆడే క్లబ్బు ఒకటి ఉండేది. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, రేలంగి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు, వీళ్ళందరికీ ఆ క్లబ్బుతో సంబంధం ఉంది. ఒక్క ఊరి క్లబ్బు నుంచి ఇంతమంది! ఇంకోపక్క కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి ఉంది. గరికపాటి రాజారావు, మిక్కిలినేని, అల్లు రామలింగయ్య అక్కడివాళ్ళే. డాక్టరు రాజారావుగారు తీసిన పుట్టిల్లు సినిమాతో 1953లో జమునగారు తెరకొచ్చారు.

మొదటి తెలుగు టాకీ 1931లోనా, 1932లోనా?

1932లో. చాలా ఏళ్ళు 1931 సెప్టెంబరు 15 అనే రాసుకున్నాం, పాత పుస్తకాల్లో ఇప్పటికీ అదే కనిపిస్తుంది. సినీ పరిశోధకుడు రెంటాల జయదేవగారు పట్టువదలకుండా వెతికితే, భక్త ప్రహ్లాదకి సెన్సార్ సర్టిఫికెట్ 1932 జనవరి 22న వచ్చినట్టు, బొంబాయి కృష్ణా థియేటర్లో 1932 ఫిబ్రవరి 6న విడుదలైనట్టు తేలింది. సెన్సార్ కాకముందే విడుదలయ్యే అవకాశమే లేదు కదా. ఒక్క కాగితం దొరకడంతో దశాబ్దాల లెక్క మారిపోయింది. అందుకే ఇంట్లో ఉన్న పాత కాగితాలు పారేయొద్దని కనిపించినవాళ్ళందరికీ చెబుతుంటాను.

మగవాళ్ళు ఆడవేషాలు ఎందుకు వేసేవాళ్ళు? జనం ఎలా ఒప్పుకున్నారు?

పరువుగల ఇంటి ఆడపిల్ల స్టేజీ ఎక్కకూడదని అప్పటి సంఘం కట్టడి. కారణం అదొక్కటే, దీన్ని అందంగా చెప్పాల్సిన పని లేదు. ఇక ఒప్పుకోవడం అంటారా, ఒప్పుకోవడం కాదు, నీరాజనాలు పట్టారు. స్థానం నరసింహారావుగారిది బాపట్ల, 1902లో పుట్టారు. హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం వేయాల్సినతను రాకపోతే ఆయన్ని నిలబెట్టారు, అక్కడితో దారి ఖాయమైపోయింది. తెనాలి రామవిలాస సభలో సత్యభామ, రోషనార, చిత్రాంగి, మధురవాణి, ఏది వేసినా ఆ పాత్రే కనిపించేదట. సత్యభామ కోసం 'మీరజాలగలడా' పాట ఆయనే కట్టుకున్నారు. ఈ సంగతి చెబితే చాలామంది ఉలిక్కిపడతారు, ఎందుకంటే వాళ్ళకు అది 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం సినిమాలో జమునగారి పాట, సుశీలగారి గొంతు. తెర మీదికి రావడానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఆ పాట మీద ఒక మగమనిషి పట్టుచీర కట్టుకుని వాలుజడ విసిరాడు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది, 1971లో పోయారు. 'నటస్థానం' అని తన అనుభవాలు రాసి వెళ్ళారు. ఆడవేషం కట్టడంలో మెళకువలు తెలుసుకోవాలనుకునేవాళ్ళు అది తప్పకుండా చదవాలి.

అదే కాలంలో దీన్ని గట్టిగా వ్యతిరేకించిన మనిషి కూడా ఉన్నారు, బళ్ళారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టారు, బళ్ళారిలో పేరున్న వకీలు, నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులకు మేనల్లుడు. ఆడపాత్ర ఆడవాళ్ళే వేయాలని ఆయన పట్టు. మాటలతో సరిపెట్టలేదు, కొమ్మూరి పద్మావతీదేవి లాంటి చదువుకున్న స్త్రీలను వెంటబెట్టుకుని స్టేజీ ఎక్కారు. ఆ రోజుల్లో అలా వచ్చినావిడ ఎన్ని మాటలు పడి ఉంటుందో ఊహించండి. నాకు స్థానం వారంటే ప్రాణం, కానీ ఈ విషయంలో రాఘవగారి పక్కనే నిలబడతాను.

సురభి నాటక సమాజం వాళ్ళ పద్ధతి మొదటి నుంచీ వేరు. కుటుంబమంతా కలిసి ఆడే నాటకం కాబట్టి అక్కడ ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వేసుకున్నారు.

సురభి అంటే ఊరా, ఇంటిపేరా?

ఊరు. కడప జిల్లాలో ఉంది. వనారస గోవిందరావుగారు 1885లో అక్కడ కీచకవధ ఆడారు, ఆ ఊరి పేరే సమాజానికి స్థిరపడింది. పిల్లలు, మనవలు, కోడళ్ళు, అల్లుళ్ళు, అందరూ నటులే. ఒక సమాజం పదులకొద్దీ సమాజాలయ్యింది. ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. శేరిలింగంపల్లిలో చాలా కుటుంబాలు ఉంటున్నాయి. సురభి బాబ్జీగా అందరికీ తెలిసిన నాగేశ్వరరావుగారు 2013లో పద్మశ్రీ అందుకున్నారు, 2022 జూన్‌లో కన్నుమూశారు. కమలాబాయి గురించి, తల్లికి నాటకం మధ్యలో నొప్పులొస్తే తెర దించి అక్కడే పురుడు పోశారని చెప్పుకుంటారు.

ఒక నాటకంలో ముగ్గురు కృష్ణులా? ఇదెక్కడి లెక్క?

నిజమే. కాంట్రాక్టు నాటకాల్లో అలాగే ఉండేది. కాంట్రాక్టరు ఒక్కో పేరున్న నటుణ్ణి ఒక్కో చోటి నుంచి మాట్లాడుకునేవాడు. పాండవోద్యోగ విజయాలు నాటకమే చూడండి, కృష్ణుడు నిద్రపోతుంటే దుర్యోధనుడు, అర్జునుడు సాయం అడగడానికి వచ్చే పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు ఇంకో కృష్ణుడు. రిహార్సల్ అనేదే ఉండదు. మధ్యాహ్నం రైలు దిగడం, రాత్రి పదింటికి రంగు వేసుకోవడం, తెల్లారి మళ్ళీ రైలెక్కడం, అంతే. తిరుపతి వేంకట కవుల పద్యాలు అందరికీ కంఠతా కాబట్టి అది సాగింది. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఎ.వి. సుబ్బారావు, వీళ్ళ కృష్ణుల్లో ఎవరు గొప్ప అని అరుగుల మీద కూర్చుని తెల్లవార్లూ వాదించుకున్న పెద్దవాళ్ళు ఈ మధ్యదాకా ఉన్నారు. పీసపాటివారు 2007లో పోయారు.

'బావా ఎప్పుడు వచ్చితీవు' అందుకోగానే వన్స్‌మోర్ పడేది. రాగం మళ్ళీ ఎత్తుకోవాలి. కృష్ణుడు శయ్య మీద ఉంటాడు, దుర్యోధనుడు మాట్లాడాల్సిన వంతు, కానీ జనం వదలరు. దీనివల్ల నాటకం దెబ్బతిందని విమర్శించినవాళ్ళు ఉన్నారు, అది కొంతవరకు నిజమే. కానీ మైకు లేని రోజుల్లో చివరి వరసలో నేల టికెట్టు మీద కూర్చున్నవాడికి కూడా ప్రతి అక్షరం వినపడేలా పద్యం పాడి, రాత్రంతా గొంతు నిలబెట్టుకోవడం ఎంత సాధనో ఒకసారి ఆలోచించండి.

ఒకే నటుడికి రెండు మూడు పుట్టిన తేదీలు ఎందుకు కనిపిస్తాయి?

సావిత్రిగారి పుట్టిన సంవత్సరమే చూడండి, 1935 అని ఒకచోట, 1936 అని ఇంకోచోట ఉంటుంది. అక్కినేనివారికి 1923, 1924 రెండూ కనిపిస్తాయి. దీని వెనక దాపరికం ఏమీ లేదు. అప్పట్లో పుట్టిన రోజును తిథి, నక్షత్రంతో గుర్తుపెట్టుకునేవాళ్ళు. బడిలో చేర్చినప్పుడు అయ్యవారు వయసు చూసి ఒక తేదీ వేసేవారు. తర్వాత అదే రికార్డు.

కరపత్రాలతో ఇంకో చిక్కు ఉంది. మా తాతయ్య పెట్టెలోని ఒక దాని మీద వికారి నామ సంవత్సరం అని మాత్రమే ఉంది, ఇంగ్లీషు సంవత్సరం లేదు. తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కాబట్టి అది 1899 అయినా కావాలి, 1959 అయినా కావాలి. అడుగున 'మైకు సౌకర్యం కలదు' అని ఉండబట్టి 1959 అని తేల్చుకున్నాను. ఇలాంటి చిన్న గుర్తులే దారి చూపిస్తాయి.

పాత నటులందరూ చివరికి పేదరికంలోనే పోయారా?

అందరూ కాదు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే మనం వాళ్ళ చివరి రెండేళ్ళే గుర్తుపెట్టుకుని ముందున్న నలభై ఏళ్ళు వదిలేస్తాం. రేలంగివారు తాడేపల్లిగూడెంలో సినిమా హాలు కట్టారు. అక్కినేనివారు స్టూడియో కట్టారు. గుమ్మడిగారు నిబ్బరంగా బతికి, 'తీపి గుర్తులు చేదు జ్ఞాపకాలు' రాసి, 2010లో వెళ్ళిపోయారు.

దెబ్బతిన్నవాళ్ళ సంగతి విడిగా చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. చిత్తూరు నాగయ్యగారు, సావిత్రిగారు, కాంతారావుగారు, పద్మనాభంగారు, నలుగురూ సొంత సినిమాలు తీశారు. నటించి సంపాదించింది సినిమా తీసి పోగొట్టుకున్నారు. అప్పులకు ఇళ్ళు, పొలాలు పోయాయి. నాగయ్యగారికి దీనితోపాటు చెయ్యి చాచినవాళ్ళకు లేదనకుండా ఇచ్చే గుణం. త్యాగయ్య, యోగి వేమన చూసినవాళ్ళు ఆయన్ని నటుడిగా కాకుండా భక్తుడిగానే చూశారు. 1965లో పద్మశ్రీ ఇచ్చారు, 1973 డిసెంబరు 30న పోయేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు. మద్రాసు పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది. సావిత్రిగారు ఏడాదిన్నరకు పైగా కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న పోయారు.

నాటకాల్లోనే ఉండిపోయినవాళ్ళ సంగతి ఇంకా కష్టం. పింఛను లేదు, పీఎఫ్ లేదు, ఆడినరోజే డబ్బు. గొంతు పోతే బతుకు పోయినట్టే. వాళ్ళ గురించి కథనాలు కూడా రావు.

ఉద్యోగం చేసుకుంటూ నటించినవాళ్ళు ఉన్నారా?

బోలెడుమంది. శంకరాభరణం శాస్త్రిగా 1980లో దేశమంతా తెలిసిన జె.వి. సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరు. అంతకు ముందే తమ్ముడు రమణమూర్తిగారితో కలిసి కన్యాశుల్కం ఆడేవారు, అన్న రామప్పపంతులు, తమ్ముడు గిరీశం. సోమయాజులుగారు 2004లో, రమణమూర్తిగారు 2016లో పోయారు. ఎస్.వి. రంగారావుగారు సినిమాల్లో కుదురుకోకముందు ఫైర్ డిపార్ట్‌మెంటులో, తర్వాత జంషెడ్‌పూర్‌లో టాటా వారి దగ్గర పనిచేశారు. జగ్గయ్యగారు ఆకాశవాణిలో వార్తలు చదివారు, 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు కూడా వెళ్ళారు. ఎమ్మెస్ నారాయణగారు లెక్చరరు.

జయప్రకాష్‌రెడ్డిగారి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆయన లెక్కల మాస్టారు. రాయలసీమ యాసతో విలన్‌గా, తర్వాత నవ్వించే పాత్రల్లో అందరికీ తెలుసు. కానీ సినిమాల్లో తీరిక లేనప్పుడు కూడా 'అలెగ్జాండర్' అనే ఏకపాత్ర నాటకం ఆడుతూనే వచ్చారు. స్టేజీ మీద ఒక్కడే మనిషి, ఫోనులో అవతలివాళ్ళతో మాట్లాడుతుంటాడు, అవతలి గొంతు మనకు వినపడదు, గంటన్నర పాటు ఆ ఒక్క మనిషి ముఖం చూసి మనమే అన్నీ అర్థం చేసుకోవాలి. సినిమా డబ్బు వస్తున్నా ఎందుకీ కష్టం అనిపించవచ్చు, కానీ నాటకం రుచి తెలిసినవాళ్ళు దాన్ని వదలలేరు. 2020 సెప్టెంబరు 8న గుంటూరులో గుండెపోటుతో పోయారు.

కోట శ్రీనివాసరావుగారు కూడా నాటకాల మనిషేనా?

అవును. కంకిపాడులో పుట్టారు, స్టేట్ బ్యాంకు ఉద్యోగి, నాటకాలు ఆడుతూ ప్రాణం ఖరీదుతో 1978లో తెరకొచ్చారు. 1985లో ప్రతిఘటన మంత్రి పాత్ర, 1987లో అహ నా పెళ్ళంట పిసినారి, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే మనిషంటే నమ్మలేం. కోడిని తాడుకు వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సీనులో ఆయన కళ్ళు మాత్రమే గమనించండి. 2015లో పద్మశ్రీ. 2025 జూలై 10న ఎనభై మూడేళ్ళు నిండాయి, 13న వెళ్ళిపోయారు.

ఒక మాట. 2023లోనే ఆయన పోయారని పుకారు లేపారు. బతికున్న మనిషి వీడియోలో కనిపించి 'నేను బాగానే ఉన్నాను' అని చెప్పుకోవాల్సి వచ్చింది. వాట్సాప్‌లో వచ్చిందని వెంటనే 'ఓం శాంతి' పెట్టకండి. ఆ ఇంట్లోవాళ్ళకు వచ్చే ఫోన్ల టెన్షన్ ఒకసారి ఊహించుకోండి.

తెలంగాణ నటుల పేర్లు తక్కువగా ఎందుకు వినిపిస్తాయి?

మద్రాసు దూరం కావడం, నిజాం పాలనలో తెలుగు నాటకానికి అంత ఊతం లేకపోవడం, రెండూ కారణాలే. అయినా కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ బొంబాయి వెళ్ళి మూకీల రోజుల నుంచే హీరో అయ్యారు, 1980కి ఫాల్కే పురస్కారం అందుకున్నారు. కోదాడ దగ్గర గుడిబండవాడైన కాంతారావుగారు కత్తి పట్టి జానపదాలను ఏలారు, నారదుడంటే ఆయనే. డాక్టరు ప్రభాకర్‌రెడ్డిగారి పేరు హైదరాబాదులో సినీ కార్మికుల చిత్రపురి కాలనీకి పెట్టారు.

స్టేజీ అంటే హాలు, తెర మాత్రమే అనుకుంటే చిందు ఎల్లమ్మను వదిలేసినట్టే. నిజామాబాద్ ప్రాంతంలో ఊరి నడుమ రాత్రంతా చిందు భాగవతం ఆడిన ఆవిడ మగపాత్రలు కూడా వేసేది. 2005లో పోయింది. నటుల జాబితాల్లో ఆవిడ పేరు ఉండదు, ఉండాలి.

నాటక నటుల గొంతు ఇప్పుడు ఎక్కడ వినొచ్చు?

గ్రామఫోన్ రికార్డుల్లో. చాలావరకు అభిమానులు కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టారు. కానీ ఒకటి గుర్తుంచుకోండి, రికార్డు ఒక పక్కకు మూడు నిమిషాల చొప్పునే పడుతుంది. స్టేజీ మీద ఎంతో సేపు సాగే రాగాన్ని కోసి మూడు నిమిషాల్లో కుక్కారు. 'ఇంతేనా ఈయన?' అనిపిస్తే తప్పు ఆయనది కాదు. ఆకాశవాణి విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు ప్రసారం చేసిన నాటకాలు కూడా వెతకండి.

మా తాతగారు నటుడు. ఆయన గురించి రాయాలి, ఎలా మొదలుపెట్టాలి?

ఆయనతో కలిసి ఆడినవాళ్ళలో ఎవరైనా ఉంటే ఈ వారమే వెళ్ళి కలవండి. కాగితాలు ఆగుతాయి, మనుషులు ఆగరు. ఒక పెద్దాయన దగ్గరికి దసరాకు వెళ్దామనుకుని సంక్రాంతికి వెళ్ళాను, గోడ మీద దండ వేసిన ఫొటో కనిపించింది. నాలుగేళ్ళయినా ఆ బాధ పోలేదు.

'మీ జీవితం చెప్పండి తాతగారూ' అంటే ఎవరూ చెప్పలేరు. ఆ వేషానికి రంగు ఎవరు వేసేవారు, మీసం దేనితో అంటించేవారు, భోజనం ఎక్కడ పెట్టేవారు, డబ్బు ముందిచ్చేవాళ్ళా తర్వాతా, ఇలా అడగండి. ఒక్కటి గుర్తొస్తే దాని వెనక పది వస్తాయి. ఏ సంవత్సరం అంటే తెలియదంటారు, 'దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా?' అంటే ఠక్కున చెప్తారు. 1977 నవంబరు అని మీరే రాసుకోవచ్చు. పుష్కరాలు కూడా అంతే. 'కృష్ణా పుష్కరాలప్పుడు ఆడాం' అంటే 1968, 1980, 1992, వీటిలో ఏదో పిల్లల వయసును బట్టి తేల్చుకోవచ్చు.

సన్మాన పత్రాలు జాగ్రత్తగా చదవండి. అందులో పొగడ్త ఎక్కువే కానీ తేదీ, ఊరు, సభకు వచ్చినవాళ్ళ పేర్లు నిజంగా పనికొస్తాయి. మిక్కిలినేనిగారు రాసిన 'నటరత్నాలు' ఒకసారి తిరగేయండి. తాను నటుడై ఉండి తోటి నటుల జీవితాలు అంత ఓపిగ్గా రాసిన మనిషి ఇంకొకరు లేరు. మీ తాతగారి తోటివాళ్ళెవరో అందులో దొరకొచ్చు.

ఆయన తాగుడు, అప్పులు, రెండో సంసారం, ఇవి కూడా రాయాలా?

ఆ మనిషి నటనకు, బతుకుకు దానితో సంబంధం ఉంటే, ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే రాయండి. దేవుణ్ణి చేసి రాసిన వ్యాసం ఎవరూ రెండోసారి చదవరు. కానీ రెండో ఇంటి పిల్లలు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంటారు, వాళ్ళ పేర్లు రాసే హక్కు మీకు లేదు.

పాత ఫొటోలు ఎవరైనా అడిగితే ఇవ్వొచ్చా?

అసలు ఫొటో ఇవ్వకండి. మా తాతయ్య హార్మోనియం ముందు కూర్చున్న ఒకే ఒక్క ఫొటోను ఒక సావనీర్ వాళ్ళు రెండు రోజుల్లో ఇస్తామని తీసుకెళ్ళారు. సావనీర్ వచ్చింది, అందులో ఆ ఫొటో కింద వేరే ఆయన పేరు పడింది. ఫొటో మాత్రం తిరిగి రాలేదు. ఎన్నిసార్లు తిరిగినా 'ఇక్కడే ఎక్కడో ఉండాలండీ' అనేవాళ్ళు. ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఆ తప్పు పేరుతో ఉన్న అచ్చు బొమ్మే. మీరు ఫోనులో తీసి పంపండి, వెనకవైపు కూడా తీయండి, స్టూడియో ముద్ర అక్కడే ఉంటుంది. గ్రూప్ ఫొటో అయితే ఎడమ నుంచి కుడికి ఎవరెవరో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, వెనక పెన్సిలుతో రాసిపెట్టండి. పెన్నుతో వద్దు, ఇంకు ముందుకు దిగుతుంది.